పికప్ మార్చే ముందు మీటర్ పెట్టి చూడండి



ఈ మధ్య గిటార్ గురించి నాకు మెసేజ్‌లు ఎక్కువ వస్తున్నాయి. "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో బోలు గిటార్ కొన్నా, సౌండ్ సరిగ్గా లేదు, పికప్ మార్చమంటున్నారు, ఏది కొనాలి?" అని. ఒక్కొక్కరికి విడిగా రాయలేక ఈ పోస్ట్ పెడుతున్నా. కొంచెం పెద్దదే. రూములో పడుకుని తీరిగ్గా చదవండి.

పికప్ అంటే సైటుకి మెటీరియల్ మోసే బండి కాదు. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద ఉండే పెట్టె. తీగ ఊగితే ఆ ఊపును కరెంటుగా మార్చి ఆంప్‌కి పంపేది అదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఒకటి, పికప్ అనేది ఆఖర్న మార్చాల్సింది, మొదట కాదు. రెండు, మార్చాల్సి వస్తే బ్రాండ్ పేరు చూసి కాదు, కొలత చూసి కొనాలి. మూడు, బిగించే పని మన చేతుల్లో ఉన్న పనే. దానికి వేరే మనిషికి మజూరీ ఇవ్వక్కర్లేదు.

నేను పదో తరగతి దాకా చదివినవాణ్ణి. గిటార్ గొప్పగా వాయించేవాణ్ణీ కాదు. కానీ మా క్యాంపులో, పక్క క్యాంపుల్లో కలిపి పదీ పన్నెండు గిటార్లు విప్పి చూశాను. సైటులో ఎలక్ట్రికల్ వాళ్ళతో ఏళ్ళ తరబడి తిరిగాను. ఆ అనుభవంతో చెప్తున్నా.

"లేబర్ క్యాంపులో ఉండేవాడికి గిటార్ ఎందుకు, ఆ డబ్బులు ఇంటికి పంపొచ్చు కదా" అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాటలో సగం నిజం ఉంది. ఇంటికి పంపే డబ్బులో చెయ్యి పెట్టి గిటార్ సామాన్లు కొనకూడదు. అది నేను కూడా ఒప్పుకోను. కానీ పన్నెండు గంటలు బయట ఉండి వచ్చినవాడు సెలవు రోజు సాయంత్రం నలుగురితో కూర్చుని ఒక పాట వాయించుకుంటే అది దుబారా కాదు. మందుకీ, ఫోన్‌లో ఆటల పందేలకీ పోయే డబ్బు లెక్కేస్తే గిటార్ చాలా చవక. నా బాధల్లా ఆ గిటార్ పేరు చెప్పి అవసరం లేని ఖర్చు పెట్టించడం మీదే.

బోలు గిటార్లు మన దాకా ఎలా వస్తాయంటే, ఇక్కడ హోటళ్ళలో వాయించే ఫిలిప్పీన్స్ వాళ్ళు కాంట్రాక్ట్ అయిపోయి వెళ్ళేటప్పుడు అమ్మేసి పోతారు. సత్వా, కరామా వైపు రూముల్లో చేతులు మారతాయి. ఆన్‌లైన్‌లో కూడా పెడతారు. ఐబనేజ్ ఆర్ట్‌కోర్, ఎపిఫోన్ డాట్ లాంటివి ఎక్కువ కనిపిస్తాయి. పైచెక్కకి రెండు వైపులా వయొలిన్‌కి ఉన్నట్టు వంపు తిరిగిన రంధ్రాలు ఉంటాయి. వాటిని ఎఫ్ హోల్స్ అంటారు.

ఇందులో రెండు రకాలున్నాయి. టార్చ్ వేసి ఆ రంధ్రంలోంచి లోపలికి చూడండి. మధ్యలో పొడుగ్గా చెక్క దిమ్మ కనిపిస్తే అది సగం బోలు. 1958లో గిబ్సన్ వాళ్ళు తెచ్చిన ఈఎస్-335 ఈ రకమే. దిమ్మ లేకుండా అంతా ఖాళీగా ఉంటే పూర్తి బోలు. 1949లో వచ్చిన ఈఎస్-175 ఆ రకం. మీ దగ్గరున్నది ఏ రకమో తెలియకుండా పికప్ మాట ఎత్తకండి. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

పికప్ లోపల ఏముందో కూడా తెలుసుకోవాలి. ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. మన సైటులో జెనరేటర్ తిరిగేది కూడా దీనిమీదే. ఒకే చుట్ట ఉన్న పికప్ అయితే గదిలో ఉన్న ట్యూబ్ లైట్, ఏసీ వైర్ల 50 హెర్ట్జ్ కరెంటును కూడా పట్టుకుని బుయ్ మంటుంది. రెండు చుట్టలు ఎదురెదురు దిక్కుల్లో పెట్టి, అయస్కాంతాన్ని కూడా తిరగేస్తే ఆ బుయ్ ఒకదానికొకటి కొట్టుకుపోయి పాట మాత్రం మిగులుతుంది. దాన్నే హంబకర్ అంటారు. గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ అనే ఇంజనీరు 1955లో దీనికి పేటెంట్ అడిగాడు. మనకి దొరికే బోలు గిటార్లలో ఎక్కువ భాగం హంబకర్లే ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. సౌండ్ బాగోలేదంటే పికప్ పోయిందని ఎవరన్నారు?

జగిత్యాల వైపు తమ్ముడొకడు, టైల్స్ పని చేస్తాడు, గిటార్ పట్టుకొచ్చాడు. "అన్నా, పికప్‌లు ఖరాబైనయట, రెండూ కొత్తయి వెయ్యాల్నట, ఆరు నూర్ల దిర్హమ్‌లు అయితదట" అన్నాడు. ఎవరో దుకాణంలో చెప్పారట. ఆరు వందలంటే వాడి జీతంలో సగం దగ్గర. ఆగరా తమ్ముడూ అని మీటర్ తెచ్చాను. పికప్‌లు రెండూ బంగారంలా ఉన్నాయి. తోకపలక దగ్గర, అంటే తీగలు కింద కట్టి ఉండే ఇనప ముక్క దగ్గర, లోపలినుంచి వచ్చే ఎర్త్ వైరు ఊడిపోయి ఉంది. పైగా వాడు అకౌస్టిక్ గిటార్‌కి వేసే కంచు తీగలు వేశాడు. ఎర్త్ వైరు బిగించి, ఎలక్ట్రిక్ గిటార్‌కి వేసే నికెల్ తీగల సెట్టు ఒకటి వేయించాను. ఆరు వందలు ఆ నెల ఇంటికి వెళ్ళాయి.

అందుకే కొనే ముందు ఈ నాలుగూ చూడండి.

మొదటిది తీగలు. కంచు చుట్టిన తీగల్ని అయస్కాంతం సరిగ్గా పట్టుకోదు. లోపల ఉక్కు నరం ఉంటుంది కాబట్టి కొంచెం మోగుతుంది. కానీ సన్న తీగలు గట్టిగా, లావు తీగలు నీరసంగా వస్తాయి. చాలామంది దీన్నే పికప్ లోపం అనుకుంటారు.

రెండోది ఎర్త్. ఆంప్ ఆన్ చేసి తీగల మీద చెయ్యి పెట్టండి. బుయ్ శబ్దం తగ్గితే ఎర్త్ వైరు ఉంది. ఏమీ మారకపోతే అది తెగిందేమో చూడండి.

మూడోది జాక్, నాబ్‌లు. కేబుల్ కదిపితే గరగర, నాబ్ తిప్పితే గరగర వస్తే తప్పు పికప్‌ది కాదు. కాంటాక్ట్ క్లీనర్ కొడితే, జాక్ నట్టు బిగిస్తే సగం కేసులు పోతాయి.

నాలుగోది మీటర్ పరీక్ష. గిటార్ విప్పక్కర్లేదు. ఆంప్ వైపు నుంచి కేబుల్ పీకి, మీటర్‌ని 20 కిలో ఓం మీద పెట్టి, ఒక ముల్లు ప్లగ్ కొనకి, ఒకటి దాని ఒంటికి ఆనించండి. వాల్యూమ్ నాబ్‌లు పూర్తిగా తెరవండి. స్విచ్ ఒక పక్కకి వేస్తే ఒక పికప్, ఇంకో పక్కకి వేస్తే రెండోది. 7, 8 కిలో ఓం అలా చూపిస్తే చుట్ట బతికే ఉంది. స్విచ్ మధ్యలో ఉంటే దాదాపు సగం, 4 దగ్గర చూపిస్తుంది. మీటర్ అసలు పట్టుకోకపోతే చుట్టగానీ దాని వైరుగానీ తెగింది. సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్.

ఈ నాలుగూ సరిగ్గా ఉండి, తీగకీ పికప్‌కీ మధ్య ఎడం కూడా సరిచేశాక అప్పుడు ఆలోచించండి. ఎడం కొలవడానికి మన టైల్ స్పేసర్లు చాలు. ఆఖరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, బ్రిడ్జి వైపు పికప్‌కి 2 మి.మీ. స్పేసర్, మెడ వైపు దానికి 3 మి.మీ. స్పేసర్ దూరితే సరి. పక్కనున్న స్క్రూలు తిప్పితే పికప్ పైకీ కిందకీ వస్తుంది.

ఇంకో గొడవ కూత. బోలు గిటార్ ఆంప్ ముందు పెడితే ఊ... అని ఊళపెడుతుంది. ఇది కూడా పికప్ మీదకే తోస్తారు. కూతలు రెండు రకాలు. లావు గొంతుతో వచ్చే ఊళ ఒంటిది. ఆంప్ శబ్దానికి పైచెక్క ఊగి, ఆ ఊపు తీగలకెక్కి, మళ్ళీ ఆంప్‌కి పోయి తిరుగుతూ ఉంటుంది. పూర్తి బోలు గిటార్‌కి ఇది ఎక్కువ, మధ్యలో దిమ్మ ఉన్నదానికి తక్కువ. దీనికి మందు వాల్యూమ్ తగ్గించడం, ఆంప్‌కి దూరంగా పక్కకి తిరగడం, ఎఫ్ హోల్స్‌లో స్పాంజ్ ముక్కలు కుక్కడం. ఎన్ని దిర్హమ్‌ల పికప్ వేసినా ఈ ఊళ పోదు. సన్నగా కీచుమని వస్తే మాత్రం పికప్ లోపల చుట్ట వదులై ఊగుతోందని అనుమానించాలి. అప్పుడు మైనంలో ముంచి గట్టిపరిచిన పికప్ వేస్తే పోతుంది. కొనేటప్పుడు మైనం పట్టించిందా అని అడగండి.

మార్చాల్సిన కేసులు లేవా అంటే ఉన్నాయి. మా క్యాంపులోనే ఒక గిటార్‌కి మెడ వైపు పికప్ మీటర్‌కి అస్సలు పలకలేదు. చుట్ట లోపలే తెగింది. అక్కడ మార్చక తప్పదు. అలాగే చవక పికప్ కీచుమంటున్నా, అన్నీ సరిచేశాక కూడా గొంతు మూగగా ఉన్నా మార్చుకోండి. అయితే పోయింది ఒకటైతే ఒకటే మార్చండి. సెట్టు కొనమనే మాట వినకండి.

ఏది కొనాలి? కుర్రాళ్ళందరూ "పవర్ ఎక్కువున్నది కావాలి అన్నా" అంటారు. డిమార్జియో వాళ్ళు 1972లో సూపర్ డిస్టార్షన్ అనే పికప్ తెచ్చారు. 13 కిలో ఓం పైనే ఉంటుంది. ఆంప్‌ని గట్టిగా తన్నడానికే చేశారు. దాని మీద నాకేం కోపం లేదు. గట్టి చెక్క గిటార్ మీద, రాక్ వాయించేవాళ్ళకి అది మంచిదే. కానీ బోలు గిటార్‌కి అంత పవర్ వేస్తే, ఇందాక చెప్పిన ఊళ ఇంకా తొందరగా మొదలవుతుంది. పల్చని స్లాబ్ మీద బరువు మెషీన్ ఎక్కించినట్టు.

నా లెక్క ఇది. బోలు గిటార్‌కి 7 నుంచి 8.5 కిలో ఓం మధ్య ఉన్న, ఆల్నికో అయస్కాంతం ఉన్న హంబకర్ చాలు. ఆల్నికో 2 అయితే గొంతు మెత్తగా, ఆల్నికో 5 అయితే కొంచెం పదునుగా వస్తుంది. సెరామిక్ అయస్కాంతం ఉన్నవి సాధారణంగా ఇంకా కటువుగా ఉంటాయి. కిలో ఓం ఒక్కటే బలం చెప్పదు. లోపలి తీగ ఎంత సన్నంగా ఉంటే అంత ఓం పెరుగుతుంది. కానీ ఒకే రకం పికప్‌లలో ఏది మెత్తన, ఏది గట్టి అని తెలుసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. బ్రిడ్జి వైపుది మెడ వైపు దానికన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. అక్కడ తీగ ఊపు తక్కువ కాబట్టి.

పెద్ద పేరున్న కంపెనీవే అక్కర్లేదు. ఆర్టెక్, విల్కిన్సన్ లాంటి చవక రకాల్లో కూడా ఈ కొలతలవి దొరుకుతాయి. పెద్ద పేరున్నది మరీ చవగ్గా ఇస్తున్నారంటే నకిలీ అని అనుమానించండి.

సైజు కూడా చూడాలి. మామూలు హంబకర్ దాదాపు 70 మి.మీ. పొడుగు, 38 మి.మీ. వెడల్పు. పీ-90, మినీ హంబకర్, గ్రెచ్ వాళ్ళ ఫిల్టర్‌ట్రాన్ కొలతలు వేరు. పాతది తీసి స్కేలు పెట్టి కొలిచాకే కొనండి. కింద కాళ్ళ పొడుగు కూడా కొలవండి. పూర్తి బోలు గిటార్‌లో మెడ దగ్గర లోతు తక్కువ ఉండొచ్చు. ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్తున్నా. కొత్త పికప్ పట్టలేదని పైచెక్కని కొయ్యకండి. లోపల పైచెక్కని మోసే పట్టీలు ఉంటాయి. ఆ పట్టీ కోస్తే బీమ్ కోసినట్టే. పట్టే పికప్ తెచ్చుకోండి, గిటార్‌ని పికప్‌కి తగ్గట్టు చెయ్యకండి.

పవర్ కాదు, అవసరం ముఖ్యం అనడానికి మన పక్కనే సాక్ష్యం ఉంది. మాండొలిన్ శ్రీనివాస్ గారు. 1969లో మన పాలకొల్లులో పుట్టారు, 2014లో చెన్నైలో పోయారు. మామూలు మాండొలిన్‌కి జోడీ జోడీగా ఎనిమిది తీగలు. మీటిన స్వరం టక్కున ఆగిపోతుంది. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే స్వరం సాగాలి. అందుకని ఆయన ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. ఆయన కచేరీలు వినండి, ఎక్కడా చెవులు పగలవు. సన్న స్వరం కూడా చివరి దాకా వినిపిస్తుంది. పికప్ పని అదీ. మన వేలు చేసిన చిన్న పని కూడా పోకుండా ఆంప్‌కి చేర్చడం.

ఇక బిగించే పని. దుకాణం వాళ్ళు "బోలు గిటార్ చాలా కష్టం, వెనక మూత ఉండదు, అంతా ఎఫ్ హోల్లోంచి చెయ్యాలి" అని ఎక్కువ మజూరీ అడుగుతారు. మూత ఉండని మాట నిజమే. కానీ కాండ్యూట్‌లో వైర్లు లాగినవాళ్ళకి ఇది కొత్త పని కాదు.

ముందు ఫోన్‌తో ఫోటోలు తియ్యండి. విప్పక ముందు, విప్పాక, ప్రతి వైరు. అదే మన యాజ్ బిల్ట్ డ్రాయింగ్. తర్వాత బ్రిడ్జి చూడండి. చాలా బోలు గిటార్లలో బ్రిడ్జి చెక్కకి బిగించి ఉండదు, తీగల బరువు మీదే నిలబడుతుంది. తీగలు విప్పితే జారిపోయి, మళ్ళీ పెట్టినప్పుడు శ్రుతి తప్పుతుంది. అందుకని విప్పక ముందే బ్రిడ్జి కాళ్ళ చుట్టూ మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టండి.

పాత పికప్ స్క్రూలు తీసి పైకి ఎత్తితే దాని వైరు లోపలికి వెళ్తూ కనిపిస్తుంది. ఆ వైరు లోపల వాల్యూమ్ నాబ్ కింద ఉండే పాట్‌కి సోల్డర్ చేసి ఉంటుంది. పుస్తకం ప్రకారమైతే ఆ పాట్‌ని బయటికి లాగి, పాతది ఊడదీసి, కొత్తది సోల్డర్ చెయ్యాలి. నేనైతే అలా చెయ్యొద్దంటాను. పాట్‌లు బాగుంటే వాటిని కదపకండి. పాత వైరుని మధ్యలో కత్తిరించి, లోపలివైపు జానెడు తోక ఉంచి, కొత్త పికప్ వైరుని ఆ తోకకి అతకండి. మధ్య వైరుకి మధ్య వైరు, పైన అల్లిక తీగకి అల్లిక తీగ. రెండూ ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా హీట్ ష్రింక్ స్లీవ్ వెయ్యండి.

"కాండ్యూట్‌లో జాయింట్ ఉండకూడదు" అని మన ఎంఈపీ ఫోర్‌మన్ తిడతాడు కదా. అది 230 వోల్టుల మాట. పికప్‌లో పుట్టేది వోల్టులో చిన్న భాగం. గట్టిగా సోల్డర్ చేసి స్లీవ్ వేసిన జాయింట్‌కి ఏమీ కాదు. పాత పికప్ పారెయ్యకండి. రేపు ఎవరికైనా పనికొస్తుంది.

కొత్త పికప్‌కి నాలుగు రంగుల వైర్లు ఉంటే కంగారు పడకండి. మధ్యలోవి రెండూ కలిపి టేపు చుట్టి వదిలేస్తారు. మిగిలిన రెండిట్లో ఒకటి సిగ్నల్, ఒకటి బోడి తీగతో కలిపి ఎర్త్. ఏ రంగు ఏదో ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. డబ్బాలో వచ్చిన కాగితం చూసే చెయ్యండి.

పాట్ కూడా పోయి మార్చాల్సి వస్తే, హంబకర్‌కి 500 కిలో ఓం పాట్ వెయ్యండి. ఆసియాలో తయారైన గిటార్లకి చిల్లులు చిన్నవి ఉండొచ్చు. అమెరికా కొలత పాట్ పట్టకపోవచ్చు, కొలిచి కొనండి. బయటికి లాగే ముందు ప్రతి పాట్ కడ్డీకి గట్టి దారం కట్టి లోపలికి వదలండి. తర్వాత ఆ దారం లాగితే పాట్ మళ్ళీ దాని చిల్లులోకే వస్తుంది. డ్రా వైర్ పనే.

మూసే ముందు పరీక్ష చెయ్యండి. ఆంప్‌కి పెట్టి స్క్రూడ్రైవర్‌తో పికప్ మీద మెల్లగా తట్టండి, టక్ మనాలి. తీగలు వేశాక స్విచ్ మధ్యలో పెట్టి వినండి. రెండూ కలిస్తే లావుగా రావాలి. డబ్బా రేడియోలా పల్చగా వస్తే రెండు పికప్‌లూ ఒకదానికొకటి ఎదురు తిరిగాయని అర్థం. నాలుగు వైర్లదైతే సిగ్నల్ వైరూ ఎర్త్‌కి పోయే రంగు వైరూ తారుమారు చేస్తే చాలు. బోడి తీగ మాత్రం ఎర్త్‌కే ఉండాలి. ఇలా మార్చుకునే వీలు ఉంటుందనే ఒక్క పికప్ మార్చేవాళ్ళని నాలుగు వైర్లది కొనమంటాను.

ఇప్పుడు చెప్పేది గిటార్ కన్నా ముఖ్యం.

ఎలక్ట్రిక్ గిటార్ తీగలు ఎర్త్ వైరు ద్వారా ఆంప్ ఒంటికి కలిసి ఉంటాయి. ఆంప్‌కి మూడు పిన్నుల ప్లగ్ ఉంటే ఆ పెద్ద పిన్ను మన ప్రాణం. సాకెట్‌లో పట్టలేదని దాన్ని విరగ్గొట్టడం, రెండు పిన్నుల అడాప్టర్ వెయ్యడం క్యాంపుల్లో చూస్తున్నాను. ఆంప్‌లో లోపం వస్తే 230 వోల్టులు నేరుగా మీ చేతిలోని తీగలకి వస్తాయి. అలా చెయ్యకండి, చేసినవాణ్ణి చెయ్యనివ్వకండి. ఆంప్‌ని మాత్రం విప్పకండి. ప్లగ్ పీకాక కూడా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది.

సోల్డరింగ్ రూములో, పరుపుల పక్కన వద్దు. క్యాంపు బాస్‌ని అడిగి గాలి ఆడే చోట చెయ్యండి, అయ్యాక చేతులు కడుక్కోండి. సైట్ స్టోర్ నుంచి సోల్డరూ స్లీవూ జేబులో వేసుకుని రావద్దు. అయిదు దిర్హమ్‌ల సామానుకి ఉద్యోగం పోతుంది. బయట కొనుక్కోండి.

"ఇంత తలనొప్పి ఎందుకు, దుకాణంలో ఇచ్చేస్తే పోలా" అంటారేమో. ఇవ్వండి, తప్పు లేదు. మంచి పనివాళ్ళు ఉన్నారు, వాళ్ళ మజూరీ వాళ్ళకి న్యాయం. కానీ మీటర్ పెట్టి చూసుకుని వెళ్ళండి. "నా మెడ వైపు పికప్ చుట్ట తెగింది, 7.5 కిలో ఓం ఆల్నికోది ఒకటి కావాలి" అని అడిగేవాడికి ఎవరూ ఆరు వందల సెట్టు అంటగట్టలేరు. మనం ఈ ఎడారిలో ముప్ఫై, నలభై అంతస్తులకి వైర్లు లాగి లైట్లు వెలిగించాం. చేతిలో ఉన్న చెక్కపెట్టెలో రెండు వైర్లు కలపలేమని ఎవరైనా చెప్తే నమ్మేదెందుకు?

మీ గిటార్ లోపలి ఫోటో, మీటర్ చూపించిన అంకె కామెంట్‌లో పెట్టండి. డ్యూటీ అయ్యాక చూసి చెప్తాను. అంకె లేకుండా "ఏ పికప్ కొనాలి" అని అడిగితే మాత్రం నా జవాబు ఒకటే, ముందు మీటర్ పెట్టండి.

ఉంటాను.